పీజీలు, హౌస్ సర్జన్లలో బర్నౌట్‌పై అధ్యయనం ఎలా చేయాలి

ప్రతి సంవత్సరం కొత్త పీజీ బ్యాచ్ చేరిన కొద్ది నెలలకే థీసిస్ అంశం కోసం వెతుకులాట మొదలవుతుంది. ముఖ్యంగా కమ్యూనిటీ మెడిసిన్, సైకియాట్రీ విభాగాల్లో చేరినవాళ్ల నోట "మేడమ్, రెసిడెంట్లలో బర్నౌట్ మీద చేస్తాను" అన్న మాట తరచుగా వినబడుతుంది. రెసిడెంట్లంటే పీజీ డాక్టర్లు, బర్నౌట్ అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల అరిగిపోవడం. ఆ కోరిక వెనుక స్వానుభవం ఉంటుంది కనుక దాన్ని నేను ఏనాడూ తేలికగా తీసుకోలేదు. అయితే ఈ అంశం వైపు మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రశ్నపత్రం సిద్ధంగా దొరుకుతుంది, జవాబు చెప్పవలసినవాళ్లు అదే హాస్టల్‌లో ఉంటారు, రక్తపరీక్షల ఖర్చు ఉండదు. పని ఇంత సులువుగా కనిపించడం వల్లనే "మా కాలేజీలో ఇంత శాతం మందికి బర్నౌట్ ఉంది, యోగా తరగతులు పెట్టాలి" అన్న రెండు వాక్యాలతో తేలిపోయే థీసిస్‌లు పేరుకుపోతున్నాయి. గైడ్‌గానూ, పరీక్షకురాలిగానూ అటువంటివి చాలా చదివాను. వాటిలో ఒక్కదాని వల్ల ఒక్క వార్డులోనైనా డ్యూటీ చార్ట్ మారినట్లు నాకు తెలియదు.

డ్యూటీలోని ఏ అంశం మనిషిని అరగదీస్తున్నదో, దేన్ని మార్చడం ఆసుపత్రి చేతిలో ఉన్నదో చూపించగలిగేలా అధ్యయనాన్ని మొదటి రోజునుంచే రూపొందించుకోవాలన్నది, జవాబు చెప్పినవాళ్లకు ఆ జవాబు వల్ల ఏ హానీ జరగకుండా చూసుకోవాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. ఎండీ థీసిస్ చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ కింద చిన్న అధ్యయనం చేయదలచిన ఎంబీబీఎస్ విద్యార్థులకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట ప్రశ్న

బర్నౌట్ అనే మాటను ఈ అర్థంలో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి ఒక కొలమానాన్ని తయారుచేశారు. మానసికంగా పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషి పట్ల నిర్లిప్తంగా మారిపోవడం, తాను చేస్తున్న పనికి విలువ లేదనిపించడం అనే మూడు అంశాలను ఆ కొలమానం విడివిడిగా చూస్తుంది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను వ్యాధిగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా మాత్రమే చేర్చింది. ఈ తేడాను పరిశోధకులు గట్టిగా పట్టుకోవాలి. "బర్నౌట్ ఉన్నట్లు నిర్ధారణ అయింది" అని రాసిన క్షణంలో లోపం డ్యూటీలో కాక డాక్టరులో ఉందని చెప్పినట్లవుతుంది.

ఇక "ఎంత శాతం?" అన్న ప్రశ్న విషయానికి వద్దాం. 2002లో టెయిట్ షానఫెల్ట్ బృందం అమెరికాలో 115 మంది ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్లను అడిగితే 76 శాతం మందిలో బర్నౌట్ కనిపించింది. ఆ తర్వాత ఇటువంటి అధ్యయనాలు ప్రపంచమంతటా వందల సంఖ్యలో వచ్చాయి. 2018లో లీసా రోటెన్‌స్టైన్ బృందం 45 దేశాలలో డాక్టర్లపై జరిగిన 182 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, బర్నౌట్‌కు గానీ దాని ఉపభాగాలకు గానీ 142 వేర్వేరు నిర్వచనాలు బయటపడ్డాయి. తేలిన శాతాలు సున్నా నుంచి 80.5 వరకు ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన తర్వాత మన కాలేజీ నుంచి మరొక శాతాన్ని ఆ కుప్పలో కలపడానికి మూడేళ్ల పీజీలో ఏడాదిన్నర వెచ్చించడం నాకు సమంజసంగా తోచదు.

అందుచేత పోల్చి చూసే ప్రశ్నను ఎంచుకోండి. వారంలో ఒక రోజు నిజంగా సెలవు దొరికే యూనిట్లలో పనిచేసేవాళ్ల స్కోరుకూ, దొరకని యూనిట్లలో పనిచేసేవాళ్ల స్కోరుకూ తేడా ఉన్నదా? నైట్ డ్యూటీ చేసిన మరుసటి ఉదయం ఇంటికి పంపే విభాగానికీ, సాయంత్రం ఓపీ అయ్యేవరకు ఉంచే విభాగానికీ తేడా ఎంత? హౌస్ సర్జన్ల స్కోరు మెడిసిన్ పోస్టింగ్ నుంచి కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌కు మారేటప్పుడు ఎలా మారుతుంది? ఇటువంటి ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఆసుపత్రి చేయగలిగిన పని ఒకటి ఇమిడి ఉంటుంది.

హౌస్ సర్జన్ల విషయంలో మనకు ఒక గొప్ప అవకాశం ఉంది. బ్యాచ్ మొత్తం దాదాపు ఒకేసారి చేరుతుంది, పన్నెండు నెలలు పోస్టింగుల వారీగా తిరుగుతుంది. అమెరికాలో శ్రీజన్ సేన్ నడుపుతున్న ఇంటర్న్ హెల్త్ స్టడీ ఇదే పద్ధతిని వాడుకుంది. ఇంటర్న్‌షిప్ మొదలుకాకముందే ఒకసారి, ఆ తర్వాత మూడేసి నెలలకు ఒకసారి అవే ప్రశ్నలు అడిగారు. 2010లో వెలువడిన ఫలితాలలో, 740 మందిలో డిప్రెషన్ లక్షణాలు గలవాళ్లు చేరకముందు 3.9 శాతం ఉంటే ఇంటర్న్‌షిప్ ఏడాదిలో సగటున 25.7 శాతానికి చేరారు. చేరకముందు కొలిచారు కనుకనే ఈ పెరుగుదలకు ఇంటర్న్‌షిప్పే కారణమని గట్టిగా చెప్పగలిగారు. ఒక్కసారి మాత్రమే కొలిచే అధ్యయనం ఆ మాట అనలేదు.

కొలమానం

మాస్లాక్ ఇన్వెంటరీలో 22 ప్రశ్నలు ఉంటాయి. దానికి కాపీరైట్ ఉంది, ఒక్కొక్క ప్రతికి రుసుము చెల్లించి అనుమతి తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతిని వాడేసి థీసిస్ అనుబంధంలో మొత్తం అచ్చువేయడం మన దగ్గర మామూలైపోయింది, అది తప్పు. పైగా, మానసిక అలసటలో 27, నిర్లిప్తతలో 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బర్నౌట్ అని అందరూ వాడే కొలతలను ఆ కొలమానం రూపకర్తలే 2016 నాటి నాలుగో కూర్పులో తొలగించారు.

థీసిస్‌కు నేను సాధారణంగా సూచించేది కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీ. డెన్మార్క్‌లో క్రిస్టెన్సెన్ బృందం 2005లో ప్రచురించిన ఈ కొలమానాన్ని ఉచితంగా వాడుకోవచ్చు. ఇందులో మొత్తం 19 ప్రశ్నలు: వ్యక్తిగత అలసటపై 6, పని వల్ల కలిగే అలసటపై 7, సేవ పొందేవాళ్లతో వ్యవహరించడం వల్ల కలిగే అలసటపై 6. ప్రతి జవాబుకు 0, 25, 50, 75, 100 అని మార్కులు వేసి, భాగాల వారీగా సగటు తీస్తారు. పని వల్లనా, రోగుల వల్లనా అన్నది వేరుపడటం మనకు చాలా ఉపయోగం. రోగుల భాగంలో స్కోరు తక్కువగా, పని భాగంలో ఎక్కువగా వచ్చిందంటే, ఆ డాక్టరుకు రోగులంటే విసుగు పుట్టలేదని, పని జరిగే తీరే ఆమెను కుంగదీస్తున్నదని అర్థం.

ఇందులో ఒక ప్రశ్నతో జాగ్రత్తగా ఉండాలి. తీరిక వేళల్లో కుటుంబానికీ, స్నేహితులకూ ఇవ్వడానికి సరిపడా ఓపిక మిగులుతుందా అన్న ప్రశ్నకు మార్కులు తలకిందులుగా వేయాలి. ఈ ఒక్క మార్పు మరిచిపోయి స్కోరంతా తప్పుగా లెక్కించిన పట్టికలు నాకు ఒకటికి రెండుసార్లు ఎదురయ్యాయి. అదే ప్రశ్నను ముందస్తు పరీక్షలో భాగంగా ఒక సర్జరీ పీజీకి ఇచ్చినప్పుడు జరిగింది నాకిప్పటికీ గుర్తుంది. ఉదయం ఎనిమిదిన్నర, ఆమె రాత్రంతా క్యాజువాలిటీలో ఉండి వచ్చింది, ఆప్రాన్ జేబులో గ్లవ్స్ అలాగే ఉన్నాయి. పెన్ను ఆ ప్రశ్న దగ్గర ఆగింది. "తీరిక వేళ అంటే ఏది రాయాలి మేడమ్? నిద్రపోయే టైమా?" అని అడిగింది. మేము ఆ ఫారంలో ఆ ప్రశ్నకు ముందు మరొకటి చేర్చాం: గడిచిన ఏడు రోజుల్లో, నిద్ర కాకుండా, మీ సొంతానికి ఎన్ని గంటలు దొరికాయి? అధ్యయనం మొత్తంలో అందరినీ ఎక్కువగా కదిలించిన అంకె ఆ ప్రశ్న నుంచే వచ్చింది. పదిమందితోనైనా ముందస్తు పరీక్ష చేయించి, వాళ్ల పక్కన కూర్చుని, పెన్ను ఎక్కడ ఆగుతున్నదో గమనించమని అందుకే చెబుతాను.

డిప్రెషన్‌ను వేరుగా కొలవదలిస్తే పీహెచ్‌క్యూ-9 ఉంది. తొమ్మిది ప్రశ్నలు, 27 మార్కులు, 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మరింత పరిశీలన అవసరమని లెక్క. దాని తొమ్మిదో ప్రశ్న గురించి కింద విడిగా రాశాను. బాగోగులను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐదు ప్రశ్నల సూచీ చాలు. అలసట లేకపోవడం వేరు, బాగుండటం వేరు కనుక ఈ ఐదు ప్రశ్నలను చేర్చడం మంచిది. అంతకు మించి కొలమానాలు చేర్చకండి. డ్యూటీ మధ్యలో పన్నెండు నిమిషాలు దాటిన ఫారాన్ని ఎవరూ మనసుపెట్టి నింపరు.

తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా

పీజీలకు ఇంగ్లిష్ ఫారం సరిపోతుందని చాలామంది అంటారు. చదువు విషయంలో అది నిజమే. కానీ ఎంబీబీఎస్ దాకా ఇంగ్లిష్‌లో చదివినా, డ్యూటీ రూములో తన బాధ చెప్పుకునేటప్పుడు మన ఊళ్ల పిల్లలు తెలుగులోనే చెప్పుకుంటారు. అలాగని తెలుగు అనువాదం తేలిక కాదు. ఇంగ్లిష్‌లో అలసటకు దగ్గరగా ఉండే మూడు నాలుగు మాటలను ఆ కొలమానం వేర్వేరు ప్రశ్నల్లో వాడుతుంది. తెలుగులో అన్నింటికీ "అలసట" అని రాస్తే ఒకే ప్రశ్నను నాలుగుసార్లు అడిగినట్లవుతుంది, జవాబుల మధ్య పొంతన కృత్రిమంగా పెరిగి, ఆ పొంతనను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా గొప్పగా కనిపిస్తుంది. మనకు మాటలు లేక కాదు. ఒళ్లు అలసిపోవడం, ఓపిక నశించడం, మనసు విసిగిపోవడం, ఇక నా వల్ల కాదనిపించడం అనేవి నాలుగు వేర్వేరు స్థితులని ఎవరికైనా తెలుసు. "నీరసం" అన్న మాటను మాత్రం వాడకండి, డాక్టర్లు దాన్ని వెంటనే రక్తహీనతకో జ్వరానికో ముడిపెట్టి చదువుతారు.

అనువాదం ఇద్దరు విడివిడిగా చేయాలి, మూలం చూడని మూడోవ్యక్తి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి, తేడాలు వచ్చిన చోట అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇతర రాష్ట్రాల నుంచి ఆలిండియా కోటాలో వచ్చిన పీజీలు తెలుగు చదవలేరు కాబట్టి రెండు భాషల్లోనూ ఫారం పక్కపక్కనే ఉండాలి, ఎవరు ఏ భాషలో నింపారో నమోదు చేయాలి. భాష రాని ఊళ్లో రోగులతో మాట్లాడలేక ఆ పీజీలు పడే ఇబ్బంది కూడా ఒక ప్రశ్నకు అర్హమైనదే.

డ్యూటీ గంటలను ఎలా లెక్కించాలి

కాగితం మీద ఉన్న గంటలకూ, నిజంగా గడిచే గంటలకూ మధ్య దూరమే ఈ అధ్యయనాలకు ప్రాణం. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం ప్రకారం మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. ముప్పై రెండేళ్ల తర్వాత, 2024లో, వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్ ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దనీ, ఒక రోజు సెలవు ఇవ్వాలనీ సిఫారసు చేసింది. 48 నుంచి 74కు ఎందుకు వచ్చాం అన్న ప్రశ్నకు జవాబు, మన వార్డుల్లో నిజంగా ఎన్ని గంటలు పనిచేస్తున్నారో ఎవరూ సరిగా నమోదు చేయకపోవడంలోనే కొంతవరకు ఉంది.

"వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారు?" అని అడిగితే వచ్చే అంకెను నమ్మవద్దు. బాగా అలసినవాళ్లు ఎక్కువ చెబుతారు, అలవాటుపడినవాళ్లు తక్కువ చెబుతారు, అప్పుడు గంటలకూ అలసటకూ మధ్య కనిపించే సంబంధంలో సగం ఆ చెప్పడంలోనిదే అవుతుంది. దానికి బదులు రెండు వారాల డైరీ పెట్టండి. అడ్మిషన్ డే, ఓపీ డే, ఆపరేషన్ డే అన్నీ అందులోకి రావాలంటే ఒక్క వారం చాలదు. డైరీ అంటే పెద్ద పుస్తకం అవసరం లేదు, జేబులో పట్టే కార్డు చాలు. వార్డులోకి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం, ఎడతెగకుండా నిద్రపోయిన గంటలు, భోజనం చేసిన వేళలు, ఆ రోజు డాక్టరు చేయనవసరం లేని పనికి పోయిన సమయం, ఈ ఐదు గడులు ఉంటే సరిపోతుంది.

చివరి గడిని దయచేసి వదలకండి. రక్తనమూనాలు పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లడం, రిపోర్టు కోసం కౌంటరు దగ్గర నిలబడటం, బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తడం, స్ట్రెచర్ తోసేవాళ్లు లేక తానే తోయడం, ఆరోగ్యశ్రీ కాగితాలు అప్‌లోడ్ చేయడం వంటివన్నీ ఆ గడిలోకి వస్తాయి. మొత్తం గంటలు తగ్గించడానికి కొత్త డాక్టర్లు కావాలి, అది సూపరింటెండెంట్ చేతిలో లేని పని. ఈ గడిలోని గంటలు తగ్గించడానికి ఇద్దరు అటెండర్లు, ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ చాలు, అది చాలావరకు ఆయన చేతిలో ఉన్న పని.

వారం మొత్తం గంటలతో పాటు ఒక్కో డ్యూటీ పొడవును కూడా విడిగా లెక్కించాలి. 2004లో లాండ్రిగన్ బృందం బోస్టన్‌లో ఐసీయూ ఇంటర్న్‌ల మీద చేసిన అధ్యయనంలో, 24 గంటలు దాటే పాత పద్ధతి డ్యూటీలలో తీవ్రమైన పొరపాట్లు 35.9 శాతం ఎక్కువగా జరిగాయి. మరోవైపు 2016లో 117 సర్జరీ శిక్షణ కార్యక్రమాలలో జరిగిన ప్రయోగంలో, వారానికి 80 గంటల పరిమితి లోపల డ్యూటీ పొడవు నిబంధనలు సడలించినప్పుడు రోగుల ఫలితాలలోనూ, బాగోగులపై రెసిడెంట్ల మొత్తం సంతృప్తిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, గంటలు ఒక్కటే కథ మొత్తం చెప్పవని తెలుస్తుంది.

కనుక గంటలతో పాటు ఇంకొన్ని నేరుగా అడగాలి. డ్యూటీ రూముకు లోపల గడియ ఉందా, పక్కనే మరుగుదొడ్డి ఉందా. గత నెలలో రోగుల బంధువులు దూషించారా, చేయి చేసుకున్నారా. రౌండ్స్‌లో రోగుల ముందు సీనియర్లు అవమానించారా. స్టైపెండ్ ఎన్ని నెలలు ఆగింది. పీజీలు తమలో తాము "ఆ డిపార్ట్‌మెంట్ టాక్సిక్" అనుకుంటారు. ఆ ఒక్క మాట వెనుక ఉన్నవాటిని ఒక్కొక్కటిగా విడదీసి అడగడమే మన పని.

ఎంతమందిని అడగాలి

థీసిస్‌లలో నమూనా పరిమాణం లెక్కించే చోట జరిగే ఒక పొరపాటును ఇక్కడ చూపిస్తాను. షానఫెల్ట్‌గారి 76 శాతాన్ని తీసుకుని, అందులో 20 శాతాన్ని అనుమతించదగిన దోషంగా పెట్టి, నాలుగు పీక్యూ బై ఎల్ స్క్వేర్ సూత్రంలో (పీ అంచనా శాతం, క్యూ నూటిలో మిగిలినది, ఎల్ దోషం) వేస్తే 32 వస్తుంది. లెక్క సరైనదే. కానీ దాని అర్థం, అసలు విలువ 61కీ 91కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని. అంత వెడల్పైన జవాబు ఎవరికీ పనికిరాదు. 50 శాతం, 5 శాతం దోషంతో, సూత్రంలోని నాలుగుకు బదులు 1.96 స్క్వేర్ వేసి లెక్కిస్తే 384 వస్తుంది. కాలేజీలో ఉన్న పీజీలే 300 మంది అయితే పరిమిత జనాభా సవరణ తర్వాత అది 169 అవుతుంది. విభాగాలను పోల్చే ప్రశ్న ఎంచుకుంటే, ఒకే విభాగంలోని వాళ్ల జవాబులు ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి కనుక అంతకంటే ఎక్కువ కావాలి. ఈ దశలో బయోస్టాటిస్టిక్స్ తెలిసినవారిని తప్పక కలవండి, డేటా వచ్చాక కలవడం ఆలస్యమవుతుంది.

దీనికంటే ముఖ్యమైనది ఎంతమంది జవాబిచ్చారన్నది. 300 మందికి లింకు పంపితే 120 మంది జవాబిచ్చారనీ, వాళ్లలో 72 మందికి, అంటే 60 శాతానికి, స్కోరు ఎక్కువగా వచ్చిందనీ అనుకుందాం. జవాబివ్వని 180 మందీ బాగున్నవాళ్లే అయితే అసలు అంకె 24 శాతం, అందరూ అలసినవాళ్లే అయితే 84 శాతం. ఈ రెండింటి మధ్య ఏదైనా కావచ్చు. అందువల్ల లింకును వాట్సాప్ గ్రూపులో పడేసి ఊరుకోకుండా, విభాగాల వారీగా వెళ్లి కలవాలి. సీటు వదిలి వెళ్లిపోయినవాళ్ల సంఖ్యను కాలేజీ రికార్డు నుంచి తీసుకుని తప్పక రాయాలి, ఎందుకంటే అందరికంటే ఎక్కువ బాధపడినవాళ్లు ఫారం నింపడానికి అక్కడ లేరు.

జవాబు చెప్పినవాళ్లను కాపాడటం

పీజీగా ఉన్నప్పుడు నేను చేసిన మొదటి సర్వేలో ఫారాలను సెమినార్ గదిలో పంచాను. విభాగాధిపతి ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. పదిహేను నిమిషాల్లో అన్ని ఫారాలూ తిరిగి వచ్చాయి, ఒక్కరు కూడా నిరాకరించలేదని సంతోషించాను. రాత్రి హాస్టల్‌లో కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటే, పై అధికారుల తీరు గురించిన ప్రశ్నలన్నింటికీ దాదాపు అందరూ ఒకే గడిలో టిక్కు పెట్టి ఉన్నారు. ఆ డేటా మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది. తప్పు నాదే.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు విద్యార్థులను, కిందిస్థాయి ఉద్యోగులను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా చూడమంటాయి. థీసిస్ సంతకం, పరీక్ష మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు తమ పీజీలను "స్వచ్ఛందంగా" నింపమంటే అందులో స్వచ్ఛందం ఉండదు. ఫారం పంపేది మరో విభాగంవాళ్లు అయి ఉండాలి. గైడ్‌కు గానీ విభాగాధిపతికి గానీ విడి ఫారాలు చూసే వీలు ఉండకూడదు, ఆ సంగతి సమ్మతి పత్రంలో స్పష్టంగా రాయాలి. గూగుల్ ఫామ్ వాడితే ఈమెయిల్ సేకరించే ఎంపికను, ఒక్కొక్కరు ఒక్కసారే నింపాలన్న ఎంపికను రెండింటినీ ఆపేయాలి, రెండోది లాగిన్ అడుగుతుంది, లాగిన్ అడగగానే నమ్మకం పోతుంది.

పేరు అడగకపోతే చాలదని కూడా గ్రహించాలి. డెర్మటాలజీ, రెండో సంవత్సరం, మహిళ, వివాహిత అన్న నాలుగు గడులు నింపగానే చాలా కాలేజీల్లో ఆమె ఎవరో తెలిసిపోతుంది. విభాగాలను సర్జికల్, నాన్ సర్జికల్, నాన్ క్లినికల్ అని కలిపి అడగండి. పట్టికలో ఏ గడిలోనైనా ఐదుగురికంటే తక్కువ వస్తే ఆ అంకెను అచ్చువేయకండి. పదేపదే కొలిచే అధ్యయనమైతే ఒకే మనిషి ఫారాలను జతచేయడానికి స్వయంగా తయారుచేసుకునే కోడ్ వాడవచ్చు: అమ్మ పేరులో మొదటి అక్షరం, తాను పుట్టిన తేదీ అంకె, చదివిన బడి పేరులో మొదటి అక్షరం. అక్షరాలు ఇంగ్లిష్‌లోనే రాయాలని ముందే చెప్పండి, లేకపోతే ఒకసారి తెలుగులో ఒకసారి ఇంగ్లిష్‌లో రాసి జత కుదరదు.

ఇప్పుడు పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి అది అడుగుతుంది. టాస్క్ ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీలలో 31.2 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. అంటే ఈ ప్రశ్నకు "అవును" అని రాసే ఫారం మన చేతికి రావడం దాదాపు ఖాయం. ఆ రోజు ఏం చేస్తామన్నది ప్రోటోకాల్ రాసే రోజే తేల్చుకోవాలి. ఫారం పూర్తిగా అజ్ఞాతమైతే మనం ఆ మనిషిని చేరుకోలేం, కనుక ఫారం చివర అందరికీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, కాలేజీ బయట పనిచేసే ఒక సైకియాట్రిస్టును కలిసే మార్గం ఇవ్వాలి. కాలేజీ సైకియాట్రీ విభాగం మాత్రమే ఉంటే ఎవరూ వెళ్లరు, అక్కడ ఓపీలో కూర్చునేది తమ బ్యాచ్‌మేటే. కోడ్ ఉన్న అధ్యయనమైతే, "ప్రమాదకరమైన జవాబు వస్తే నన్ను సంప్రదించవచ్చు" అని విడిగా సమ్మతి తీసుకుని, ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితాను పరీక్షల్లో ఏ పాత్రా లేని ఒక్క వ్యక్తి దగ్గర మాత్రమే ఉంచాలి. ఫారాలను వచ్చిన రోజే చూడాలి, మూడు నెలలు బీరువాలో పెట్టి తర్వాత తెరవడం ఈ ప్రశ్న విషయంలో క్షమించరానిది. ఈ ఏర్పాటు చేయలేకపోతే ఆ ప్రశ్న అడగవద్దు.

విశ్లేషణ

సగటు, దాని చుట్టూ విశ్వసనీయ అవధి (కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్) ముందు ఇవ్వండి. కోపెన్‌హేగన్ స్కోరు 50 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్ల శాతం ఆ తర్వాత ఇవ్వవచ్చు. ఇరవై అంశాలను ఒక్కొక్కటిగా కై స్క్వేర్ పరీక్షకు పెట్టి, పీ విలువ 0.05 లోపు వచ్చినవాటికి చుక్క పెట్టే అలవాటు మానాలి. ఏ పోలిక ముఖ్యమో ప్రోటోకాల్‌లోనే రాసి పెట్టుకోవాలి.

"మహిళల్లో బర్నౌట్ ఎక్కువ" అన్న ఫలితం వచ్చిన వెంటనే స్త్రీలు సున్నితమైనవాళ్లని రాసేయడం చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది. 2019లో అమెరికాలో 7,409 మంది సర్జరీ రెసిడెంట్లపై వెలువడిన అధ్యయనంలోనూ మొదట మహిళల్లోనే ఎక్కువగా కనిపించింది. కానీ వివక్ష, దూషణ, లైంగిక వేధింపులను లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా మాయమైంది. అవమానాల గురించిన ప్రశ్నలను ఫారంలో పెట్టకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు, నింద మాత్రం అమ్మాయిల మీద మిగిలిపోతుంది.

ఫలితాన్ని ఎక్కడికి తీసుకువెళ్లాలి

యోగా, ధ్యానం చేయించడం తప్పు కాదు. అయితే 2017లో మరియా పనాజియోటి బృందం 19 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఇటువంటి జోక్యాల వల్ల వచ్చే మేలు చిన్నదేననీ, వ్యక్తిని మార్చే ప్రయత్నాలకంటే పని జరిగే తీరును మార్చే ప్రయత్నాలే ఎక్కువ మేలు చేశాయనీ తేలింది. కనుక సిఫారసుల పేజీలో వ్యక్తికి చెప్పే సలహాలకంటే ముందు వ్యవస్థ చేయవలసిన పని రాయాలి. "పని భారం తగ్గించాలి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "రెండు వారాల డైరీలో ఒక్కో మెడిసిన్ పీజీకి ఇన్ని గంటలు నమూనాలు మోయడానికే పోయాయి, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు వార్డుకు ఒక అటెండర్‌ను కేటాయించాలి" అని రాస్తే ఎవరి టేబుల్ మీదికి వెళ్లాలో ఆ వాక్యమే చెబుతుంది.

థీసిస్ యూనివర్సిటీకి సమర్పించే ముందే ఒక పేజీ నివేదిక తయారుచేసి మొదట జవాబులు ఇచ్చిన పీజీలకు, హౌస్ సర్జన్లకు చూపించండి. హాస్టల్ మెస్‌లో సాయంత్రం అరగంట కూర్చుంటే చాలు. తమ అంకెలను తాము చూసుకున్నప్పుడు వాళ్లు చెప్పే వివరణలు ఏ రిగ్రెషన్ పట్టికలోనూ దొరకవు, "ఆ నెల మా యూనిట్‌లో ఇద్దరే ఉన్నాం మేడమ్" వంటి మాట వల్ల ఒక వింత అంకెకు అర్థం తెలిసిన సందర్భం నాకుంది. ఆ తర్వాత సూపరింటెండెంట్‌కు, ప్రిన్సిపాల్‌కు వినిపించి, ఒప్పుకున్న మార్పు ఏది, ఎప్పటినుంచి, ఎవరి బాధ్యత అన్నది మినిట్స్‌లో రాయించండి. ఆరు నెలల తర్వాత అదే కార్డును మళ్లీ రెండు వారాలు నింపించాలి. దానికి అనుమతిని మొదటి ప్రోటోకాల్‌లోనే అడిగి ఉంచుకుంటే ఎథిక్స్ కమిటీ ముందుకు రెండోసారి వెళ్లనవసరం ఉండదు, మీ పీజీ పూర్తయిపోయినా మీ జూనియర్ దాన్ని కొనసాగించగలరు.